కారాగార ద్వారమున: ఆన్ జడ్సను లేఖా పరిశీలనము

19వ శతాబ్దిలో పాశ్చాత్యదేశములనుండి ప్రాగ్దేశములకు వచ్చిన క్రైస్తవ మతప్రచారకుల కుటుంబములు వ్రాసి విడిచిన లేఖలు, దినచర్యలు, స్మృతిగ్రంథములు విస్తారముగా నున్నవి. వానిని చదువువారు సామాన్యముగా రెండు తెగలవారు. మొదటివారు భక్తులు. వారికవి పుణ్యచరిత్రలు, వానియందు దోషము వెదకుట అపచారము. రెండవవారు చరిత్రకారులు. వారికవి సామ్రాజ్యవిస్తరణమునకు సంబంధించిన సాక్ష్యపత్రములు. వానియందు రచనాగుణమును వెదకుట వృథాశ్రమ. ఈ రెండు తెగల నడుమ, ఆ రచనలను రచనలుగా చదివి గుణదోషములను తూచినవారు అరుదు. హింసకును నిర్బంధమునకును గుఱియైన ఒక కుటుంబము తన విశ్వాసమునెట్లు నిలుపుకొన్నది అను ప్రశ్నకు సమాధానము ఆ కుటుంబమును గూర్చి పరులు చేసిన స్తుతిలో దొరకదు. వారు స్వయముగా వ్రాసిన వాక్యములలో, ఆ వాక్యములు దేనిని చెప్పినవి, దేనిని చెప్పక విడిచినవి అను విచారణలో దొరకును. ఈ వ్యాసమున మేమట్టి యొక లేఖను మాత్రమే పరిశీలింపదలచితిమి.

ఆ లేఖ అమెరికను బాప్టిస్టు ప్రచారకుడగు అడోనిరాం జడ్సను భార్య ఆన్ జడ్సను రంగూనునుండి 1826 మే 26వ తేదీన తన మఱదియగు ఎల్నాథన్ జడ్సనునకు వ్రాసినది. బర్మా రాజధానియగు ఆవాలో తన భర్త పడిన చెఱ యందలి వృత్తాంతమంతయు అందు కలదు. జేమ్స్ నోల్స్ 1829లో బోస్టనున ప్రకటించిన ఆమె జీవితచరిత్రమున చేరి ఈ లేఖ లోకమునకు తెలియవచ్చినది. లేఖయని పేరేగాని ఇది పరిమాణమున చిన్న గ్రంథమువంటిది.

పూర్వకథ సంగ్రహముగా చెప్పవలసియున్నది. మసాచుసెట్సు రాష్ట్రమున 1789లో జన్మించిన ఆన్ హసెల్టైన్ 1812 ఫిబ్రవరి 5న జడ్సనును వివాహమాడి, రెండు వారములు తిరుగకముందే భర్తతో ఓడనెక్కి కలకత్తాకు వచ్చెను. ఈస్టిండియా కంపెనీవారు వారినచట నిలువనీయలేదు. మారిషసు దీవికి పోయి, అచటినుండి మదరాసు చేరి, 1813 జూలైలో వారు రంగూనున దిగిరి. తొలికాన్పు సముద్రముమీదనే మృతశిశువుతో ముగిసెను. రంగూనున పుట్టిన కుమారుడు ఏడాది నిండకయే 1816లో గతించెను. మొదటి బర్మీయ శిష్యుడు బాప్తిస్మము పొందుట 1819లోగాని సంభవింపలేదు. ఆఱేండ్ల శ్రమకు ఫలము ఒక్క మనుష్యుడు. 1824 ఆరంభమున దంపతులు ఆవాకు తరలిరి. ఆ సంవత్సరము మార్చిలోనే ఆంగ్లేయులు బర్మామీద యుద్ధము ప్రకటించిరి. మే నెలలో రంగూను వారి వశమయ్యెను. జూన్ 8వ తేదీన రాజభటులు జడ్సను ఇంటికి వచ్చి ఆయనను త్రాళ్ళతో కట్టి కొనిపోయిరి.

ఇచట మనము మొదట విచారింపవలసిన విషయమొకటి యున్నది. జడ్సను నిర్బంధము మతనిమిత్తమైనదా? తరువాతి భక్తులనేకులు అట్లే తలంచిరి. కాని ఆన్ లేఖ అట్లు చెప్పలేదు. ఆవాలోనున్న హెన్రీ గౌజరు అను ఆంగ్లేయ వర్తకుని లెక్కలను అధికారులు పరీక్షింపగా, జడ్సనును ఆయన సహచరుడగు వైద్యుడు ప్రైసును అతనియొద్ద చాల ధనము గైకొన్నట్లు తేలెను. ఆ ధనము కలకత్తానుండి వర్తకుల హుండీల మూలమున వారికి వచ్చుచున్న సొంతధనమే. అమెరికనులకును ఆంగ్లేయులకును గల భేదము బర్మీయ అధికారులకు స్పష్టము కాదు. ఒకే భాష మాటలాడి, ఒకే వర్తకుని చేతినుండి ధనము పుచ్చుకొను తెల్లవారందఱును ఒక్కరాజు చారులుగా వారికి తోచిరి. ఈ కారణమును ఆన్ దాచలేదు. దానికి మతద్వేషమను పేరు పెట్టలేదు. రాజు క్రైస్తవమత ప్రచారమునకు అనుమతి నొసగకుండుట వాస్తవము. 1820లో జడ్సను సమర్పించిన విన్నపమును ఆయన తిరస్కరించెను. అయినను 1824 నాటి సంకెళ్ళు యుద్ధభయమునుండి పుట్టినవి. తన బాధకు ఘనమైన హేతువును కల్పించుకొనుట బాధితులకు సహజమైన ప్రలోభము. ఈ రచయిత్రి ఆ ప్రలోభమునకు లొంగలేదు. ఈ లేఖయందు మాకు మొదట కనబడిన గుణమిది.

రెండవ విషయము ఈ రచన యొక్క నిర్మాణమునకు సంబంధించినది. భర్తను కొనిపోయిన వెనుక ఆన్ తన గదిలోనికి పోయి, దేవునికి తన గతిని నివేదించుకొని ధైర్యమును వేడుకొనెను. ఆ ప్రార్థన సాగుచుండగనే గ్రామాధికారి వసారాలో నిలిచి, బయటికి వచ్చి విచారణకు లోబడుమని కేకలు వేయసాగెను. ఆమె బయటికి పోవుటకు ముందు ఒక పని చేసెను. తనకు వచ్చిన లేఖలను, తాను వ్రాసికొన్న దినచర్యలను, ఇంటనున్న వ్రాతప్రతులనేకములను నాశము చేసెను. ఇంగ్లండుతో ఉత్తరప్రత్యుత్తరములున్నట్లు అవి తెలుపునేమో యని ఆమె భయము. ఈ చిన్న సంఘటనను చరిత్రకారులు పట్టించుకొనరు. మాకిది ఆ లేఖకు తాళపుచెవివలె తోచుచున్నది. పండ్రెండేండ్లు ప్రతిదినమును కాగితముపై నిలిపిన స్త్రీ తన కాగితములను తానే మాపివేసినది. దాదాపు రెండేండ్ల పిమ్మట వ్రాసిన ఈ లేఖ మిక్కిలిగా జ్ఞాపకము నాశ్రయించి నిలిచినది. కావున ఆ జ్ఞాపకము దేనిని పదిలపఱచినది అను ప్రశ్న ముఖ్యమగుచున్నది.

అది లెక్కలను పదిలపఱచినది. మూడవదినమున ఆమె కానుకతో నగరపాలకుని దర్శనము సంపాదింపగా, ఆయన మర్యాదచేసి తన క్రింది అధికారియొద్దకు పంపెను. ఆ అధికారి అడిగిన లంచము 200 టికళ్ళ వెండి, సన్నని వస్త్రములు రెండు తానులు, చేతిరుమాళ్ళు రెండు తానులు. ఆమె వెండినిచ్చి, తక్కినవి తనయొద్ద లేవని బతిమాలి ఒప్పించెను. భర్త చెఱసాల గుమ్మమువఱకు ప్రాకి వచ్చెను. రెండు మాటలాడుకొనునంతలో భటులు ఆమెను గద్దించి పంపివైచిరి. అయినను ఆ సాయంకాలమే బందీలను లోపలి గదినుండి ఆవరణలోని పాకకు మార్చిరి. ఈ విధముగా ప్రతి యుపకారమునకు ఎంత మూల్యమైనదో, ఎవరికి ముట్టినదో, దానివలన ఎన్నిదినముల ఉపశమనము లభించినదో లేఖ చెప్పుచు పోవును. పారలౌకిక విషయములను వ్రాయుటకు అలవాటుపడిన కలము ఇట్లు చిల్లరలెక్క వ్రాయుట మొదట వింతగా నుండును. కాని చదువగా చదువగా, ఈ లెక్కయే ఆమె భక్తిగీతమని బోధపడును.

మేము జీవితచరిత్ర వాఙ్మయమును బోధించుచు ఒకతూరి ఈ లేఖా కథను తరగతిలో చెప్పగా, ఒక విద్యార్థి లేచి, ఇది మతప్రచారకుల రచన గదా, ఇందు ప్రార్థన లెచ్చట నున్నవని యడిగెను. ప్రశ్న సమంజసమైనదే. ప్రార్థనలున్నవి, కాని అవి స్వల్పములు, పని యొత్తిడిచే మధ్యలో తెగిపోవునవి. మొదటిదినపు ప్రార్థనను వసారాలోని కేక ఖండించిన తీరే లేఖయంతటను వ్యాపించియున్నది. ఆ పిమ్మట ఏడు నెలలపాటు, ప్రభుత్వమువారిలోగాని రాజబంధువులలోగాని ఎవరినో యొకరిని దర్శింపని దినము దాదాపు లేదు. రాణి వదినెగారు, గురువులు చావరు, ఉన్నట్లుండనిమ్మని పలికి పంపినది. సేనాని మహాబందూలకు పెట్టిన విన్నపమును ఫలింపలేదు. చెఱసాల ఇంటికి రెండుమైళ్ళు. కొన్ని దినములు రాత్రి తొమ్మిదిగంటలకుగాని ఆమె ఇల్లు చేరలేదు. ఆ దర్శనములవలన కలిగిన లాభమేమన, పెద్దల తీపిమాటలచే నిరాశ కలుగకుండుట మాత్రమే యని ఆమెయే చెప్పుకొన్నది.

తెలుగు పాఠకునికి ఇచట సావిత్రి స్ఫురించుట సహజము. భర్తప్రాణముకై అధికారము గలవానిని వెంబడించి మాటలతో గెలువజూచిన స్త్రీ యనునంతవఱకు పోలిక సరియే. కాని సావిత్రి వాదము ఒక్క త్రోవలో జరిగి ముగిసినది. ఆమె యెదుట నిలిచినవాడు ధర్మస్వరూపుడు, ఒకే మాటపై నిలుచువాడు. ఆన్ యెదుట నిలిచినవారు పలువురు; వారిలో నొకడిచ్చిన మాటను వేఱొకడు త్రోసివేయును. సావిత్రి బుద్ధిబలముచే వరములు పొందినది. ఆన్ పొందినవి వరములు కావు, వాయిదాలు. ఆ వాయిదాలను కూర్చుకొని భర్తను బ్రదికించుకొన్నది. పురాణకథకు పరాకాష్ఠ కావలయును. ఈ కథకు పునరుక్తియే ప్రాణము. రేపు మరల రమ్మను మాట నెన్నిసార్లు విన్నను రేపు మరల పోవుటయే ఇందలి కథావస్తువు.

మఱియొక పోలిక ఇంకను దగ్గఱది. మన వాఙ్మయమున కారాగారమనగానే కంచెర్ల గోపన్న జ్ఞప్తికి వచ్చును. 17వ శతాబ్దిలో గోలకొండ చెఱలో నున్నాడని ప్రసిద్ధిగల ఆ భక్తుడు తన కీర్తనలలో రాముని నిలదీసెను, తాను చేయించిన నగలను లెక్కించి దెప్పెను, వెంటనే క్షమింపుమని వేడెను. లెక్క ఇచటను కలదు, అచటను కలదు. కాని రామదాసు లెక్క దేవునికి చెప్పినది. ఆన్ లెక్క మనుష్యులతో తీర్చినది. ఈ భేదమునకు మతభేదమొక్కటియే కారణము కాదని మా యభిప్రాయము. రామదాసు కారాగారము లోపలనున్నవాడు. లోపలివానికి దేవుడుతప్ప మాటలాడుటకు వేఱొకరు లేరు. ఆన్ ద్వారమువద్ద నున్నది. ద్వారమువద్ద నున్నవారికి భటుడున్నాడు, పాలకుడున్నాడు, అన్నము వండవలసిన పొయ్యి యున్నది. చెఱలోని భక్తుల వాక్కును వాఙ్మయము మొదటినుండియు ఆదరించినది. చెఱగుమ్మమున నిలిచిన భార్యల, తల్లుల వాక్కు మిక్కిలి అరుదుగా వినవచ్చినది. మతప్రచారకుల కుటుంబములు విశ్వాసమును నిలుపుకొన్న తీరును తెలియవలెనన్నచో, కుటుంబమను మాటను గట్టిగా పట్టుకొనవలెను. పురుషుడు లోపల నిలుపుకొన్న విశ్వాసము వేఱు, స్త్రీ వెలుపల నిలుపుకొన్న విశ్వాసము వేఱు.

లోపలి విశేషములు తెలియుటకు గౌజరు గ్రంథమున్నది. ఆ వర్తకుడు తన చెఱవాసమును గూర్చి 1860లో ప్రత్యేక గ్రంథము ప్రకటించెను. చేయి జంకవద్దను అర్థముగల లెత్‌మయూన్ అను పేరి ఆ చెఱసాల, చెంపలపై వలయములు పొడిపించుకొన్న పూర్వనేరస్థులే భటులుగా నుండుట, రాత్రివేళ బందీల కాళ్ళ నడుమ వెదురుగడ దూర్చి పైకెత్తుట మున్నగునవి అందు విపులముగా కలవు. గౌజరు మతప్రచారకుడు కాడు. కావున ఆతని సాక్ష్యము ఆన్ కథకు బలము చేకూర్చుచున్నది. రెండు రచనలను ప్రక్కప్రక్కన చదివినచో, ఆన్ లేఖ కారాగారపు లోపలి భయానకమును వర్ణించుటకు ఎక్కువగా పూనుకొనలేదని తెలియును. తాను చూచినంతమట్టునకే వ్రాసినది. 1825 మార్చిలో బందీలను మరల లోపలికి త్రోసి, సంకెళ్ళను మూడుజతలనుండి అయిదుజతలు చేసి, వేసవిలో నూఱుమందికి పైబడినవారితో ఒక్క గదిలో మూసిరి. పలకల సందులుతప్ప గాలి చొరబడు దారి లేదు. ఆ ఘట్టమునుగూడ ఆమె కొద్దిమాటలతో ముగించి, మరల నగరపాలకుని యింటికి నడచినది.

ఇక రసవిచారము. ఈ లేఖను కరుణరసప్రధానమని చెప్పుటకు పలువురు తొందరపడుదురు. శోకమునకు హేతువులు కావలసినన్ని యున్నమాట నిజమే. కాని కరుణమునకు స్థాయియైన శోకము ఇష్టనాశముచే కలుగునది. ఆశ మిగిలియున్నంతకాలము అది పరిపుష్టి పొందదు. ఈ రచనలో ఆశ తెగదు. తెగినట్లు తోచిన ప్రతిచోటను రచయిత్రి ఏదో యొక పనికి పూనుకొనును. కార్యమునందు సడలని పూనిక ఉత్సాహమని లాక్షణికులు చెప్పిరి. కావున ఇచట స్థాయి ఉత్సాహము, రసము వీరము. దానవీర, ధర్మవీర, యుద్ధవీర, దయావీర భేదములలో ఇది ధర్మవీరమునకు చేరును. శోకము సంచారిగా వచ్చి పోవుచుండును. ఈ నిర్ణయము కేవలము శాస్త్రవినోదము కాదు. కరుణముగా చదివినచో ఆన్ జాలికి పాత్రమగు అబల యగును. వీరముగా చదివినచో ఆమె కర్త యగును. లేఖలోని క్రియాపదములు రెండవ పఠనమునే సమర్థించుచున్నవి.

1825 జనవరి 26న ఆమెకు మరియా అను కుమార్తె పుట్టెను. ఆ శిశువు మూడునెలలదై యుండగా, మే 2వ తేదీన బందీలను రహస్యముగా తరలించిరి. ఆ దినము నగరపాలకుడు ఆన్‌ను తొందరగా పిలిపించి, తన గడియారమును గూర్చి ఏదియో యడుగుచు మాటలలో నిలిపియుంచెను. ఆమె కండ్లబడకుండ బందీలను కొనిపోవుటకే ఆ యుపాయము. సంగతి తెలిసి వీథులవెంట వెదకి, ఒక ముసలిదానివలన జాడ తెలిసికొని, బిడ్డతోను, తాను పెంచుచున్న ఇద్దఱు బర్మీయ బాలికలతోను, బంగాళీ వంటవానితోను ఆమె అమరపురము మీదుగా ఔంగ్‌బిన్లే గ్రామమునకు పోయెను. కాలెడి యిసుకపై వట్టికాళ్ళతో నడిపించిన ఆ ప్రయాణమున బందీలలో నొక గ్రీకుదేశస్థుడు మరణించెను. ఔంగ్‌బిన్లేలో జైలరు తన యింట ధాన్యము సగము నిండిన గది యొకటి ఆమెకు చూపెను. బాలికలలో నొకతెకు మశూచి తగిలినది. రెండవ బాలికకును జైలరు పిల్లలకును ఆన్ స్వయముగా టీకా వేసెను. పిమ్మట మరియాకును మశూచి సోకెను. తల్లి జబ్బుచేసి పడిపోగా పాలింకిపోయెను. అపుడు భటులకు కానుకలిచ్చి ఒప్పించి, సంకెళ్ళ కాళ్ళతో తండ్రి ఎండిన బిడ్డనెత్తుకొని, పసిపిల్లలుగల గ్రామస్త్రీల వాకిళ్ళ నిలిచి పాలు యాచించెను. ఈ దృశ్యమునకు మించినది ఈ లేఖలో లేదు. బోధ చేయుటకు వచ్చినవాడు పాలకై చేయి చాచెను. ఏ గ్రామమున తన మతమును చెప్పుటకు అవకాశమే లేకపోయెనో ఆ గ్రామపు తల్లులు ఆయన బిడ్డకు చన్నిచ్చిరి. రచయిత్రి దీనిపై వ్యాఖ్యానము చేయలేదు, మేమును చేయము.

ఆ వంటవానిని గూర్చి మాత్రము చెప్పక తీఱదు. సామాన్యముగా వంటవాడు వంటతప్ప వేఱుపని ముట్టడని ఆమె యెఱుగును. ఇతడు తన కులకట్టుబాటును మఱచి, కట్టెలకును నీటికిని మైళ్ళు తిరిగి, రాత్రివఱకు తాను తినక, బందీకి అన్నము చేర్చి, జబ్బుపడినవారికి పరిచర్య చేసెను, జీత మడుగలేదు, ఎచటికి పొమ్మన్నను సందేహింపలేదు. ఆన్ ఇతని సేవను మనసార ప్రశంసించినది. తెలుగున విశ్వాసమను మాటకు రెండర్థములున్నవి. దేవునియందలి నమ్మిక ఒకటి. ఉప్పుతిన్న యింటిని విడువకుండుట మఱియొకటి. ఈ రెండర్థములును ఒక్క మాటలో నిలుచుటచేతనే కాబోలు, ఆన్ లేఖలోని సత్యము మనకు సులభముగా గోచరించుచున్నది. ఆమె మొదటి విశ్వాసమును రెండవదాని రూపమున నిలుపుకొన్నది. వంటవాడు మొదటిదానితో పనిలేకయే రెండవదానిని నిలుపుకొన్నాడు. క్రైస్తవ కుటుంబపు విశ్వాసమును చాటు రచనలో విశ్వాసపాత్రతకు పరమోదాహరణముగా నిలిచినవాడు ఆ కూటమున చేరనివాడు. కాని ఇంతటివానికి ఈ లేఖలో పేరు లేదు. బాలికలకు తాను పెట్టిన పాశ్చాత్యనామములను వ్రాసినది; జైలుపాలైన వర్తకులను పేర్కొన్నది; వంటవాడు మాత్రము వంటవాడుగనే మిగిలెను. ఇది లేఖలోని పెద్దలోపమని మేము తలంచుచున్నాము. ఆ కాలపు పద్ధతి అట్టిదని సమాధానము చెప్పవచ్చును. ఆ సమాధానమువలన లోపము తొలగదు.

రెండవ లోపము యుద్ధమునకు సంబంధించినది. ఆంగ్లసేనాని ఆర్చిబాల్డ్ కాంబెల్ తమకు చేసిన మర్యాదను ఆమె కృతజ్ఞతతో వర్ణించినది; అది సహజము. కాని దండెత్తి వచ్చినవారెవరు, ఎవరి నేలపై యుద్ధము జరిగినది అను ప్రశ్న ఆమె కలమునకు తట్టలేదు. 1826 ఫిబ్రవరి 24న జరిగిన యాండబో సంధిచే బర్మారాజు అరకానును తెనాసెరీమును కోల్పోయి, అస్సాము, మణిపురములపై హక్కు వదలుకొని, కోటి రూపాయల దండుగ యొప్పుకొనెను. ఆ దండయాత్రలో మదరాసు దేశీయ పదాతిదళములు పాల్గొన్నవి. వానిలో తెలుగు సిపాయిలును ఉండిరి. కావున ఈ కథలో మనము దూరమున నిలిచిన ప్రేక్షకులము మాత్రమే కాము. ఆవా చెఱలోని భయమునకు కారణమైన తుపాకులలో కొన్ని మనవారి భుజములపై నుండినవి. ఆన్ విచారింపని ఈ విషయమును ఆమె పాఠకులు విచారింపవలసియున్నది.

అయినను శత్రుపక్షమువారిని అందఱ నొక్కతీరున నల్లరంగు పూయలేదనుట ఆమె పక్షమున చెప్పవలసిన మాట. బర్మీయులనుగూర్చి ఆమె చేసిన సామాన్యవాక్యములు కఠినములు. ఒక్కొక్క వ్యక్తినిగూర్చి వ్రాసినవి న్యాయములు. నగరపాలకుని చిత్రణమే ఇందుకు నిదర్శనము. లంచమునకు దారిచూపినవాడతడే, లోపలి గదిలో బంధించినవాడతడే. కాని ఆమె మొఱపెట్టుకొనగా కంట తడిపెట్టి, తెల్లబందీలను రహస్యముగా చంపింపుమని రాణి సోదరునినుండి మూడుమాఱులు సూచన వచ్చినను తాను అట్లు చేయలేదనియు, కంటబడకుండ దాచుటయే తనచేతనైన రక్షణ యనియు ఆ వృద్ధుడు తెలిపెను. బంధించుటయే కాపాడుటయైన ఈ సంకటమును ఆమె గ్రహించి వ్రాసినది. కేవలము ఉపదేశపరమైన రచనలో ఇట్టి పాత్రకు తావుండదు.

తరువాతి జీవితచరిత్రలు ఈ లేఖనుండి మఱియొక దిశకు పోయినవి. వానిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది దిండుకథ. జడ్సను చేసిన బర్మీయ కొత్తనిబంధన అనువాదపు వ్రాతప్రతిని ఆన్ ఒక గట్టిదిండులో పెట్టి కుట్టి చెఱకు పంపినదనియు, బందీలను తరలించునపుడు భటులు పాఱవేసిన ఆ మూటను శిష్యుడగు మౌంగ్ ఇంగ్ గురువుగారి గుర్తుగా ఇంటికి తెచ్చుకొన్నాడనియు, కొన్ని నెలలకు అందు ప్రతి చెడక దొరికినదనియు ఆ కథ. ఫ్రాన్సిస్ వేలండు 1853లో ప్రకటించిన జడ్సను చరిత్రమున ఇది కలదు. కథ హృద్యమైనది; గ్రంథము నిలిచినది గనుక కష్టము ఫలించినదను తృప్తిని పాఠకునికి కలిగించును. ఆ తృప్తియే మమ్ము శంకింపజేయుచున్నది. కథ అసత్యమని మేమనుట లేదు. అది కేంద్రమైనపుడు మిగిలినది మఱుగుపడుననుచున్నాము. దిండు వెలిగినకొలది 200 టికళ్ళ వెండియు, రెండుమైళ్ళ నడకయు, పేరులేని వంటవాడును చీకటిలోనికి జరుగుదురు.

మఱియు కష్టమునకు ఫలముండి తీరునను భావమును ఈ కుటుంబచరిత్ర సమర్థింపదు. లేఖ వ్రాసిన అయిదు నెలలకు, 1826 అక్టోబరు 24న, భర్త దౌత్యకార్యమున దూరమందుండగా, ఆన్ ఆమ్‌హర్స్టు పట్టణమున జ్వరముచే మరణించెను. ఆఱు నెలలకు మరియాయు తల్లిని చేరెను. ఆవా సంకెళ్ళకు చలింపని జడ్సను ఈ దెబ్బకు క్రుంగి, అడవిలో కుటీరము కట్టుకొని, గోయి త్రవ్వించి దానియంచున కూర్చుండి మరణమును ధ్యానించుచు కొంతకాలము గడపెను. 1834 జనవరి 31న ఆయన బర్మీయ బైబిలు అనువాదము పూర్తియైనది. ఆ నడిమి చీకటిని దాటవేసి, చెఱనుండి అనువాదమునకు తిన్నగా గీతగీయువారు కుటుంబమునకు న్యాయము చేసినవారు కారు. విశ్వాసమును నిలుపుకొనుట యనగా అది యెన్నడును తడబడకుండుట కాదు. ద్వారమున నిలిచినవారు లేకపోయినపుడు లోపలివాని విశ్వాసమును తడబడినది. ఆన్ లేఖ విలువ యెంతయో ఆమె మరణానంతరము జడ్సను గడపిన ఆ మూడునాలుగేండ్లే చెప్పుచున్నవి.

ఈ విషయమునకు తెలుగునాటితో గల సంబంధము గమనింపదగినది. జడ్సనులను పోషించిన అమెరికను బాప్టిస్టు సంస్థయే 1835లో శామ్యూల్ డేను తెలుగువారి నడుమకు పంపినది. ఆయన విశాఖపట్టణమున, శ్రీకాకుళమున, మదరాసున కొంతకొంతకాలముండి 1840లో నెల్లూరున స్థిరపడెను. అప్పటినుండి ఈ దేశమున ప్రచారకుల చరిత్రలు, సంఘముల చరిత్రలు పెక్కులు వెలువడినవి. వానిని చదువు పరిశోధకులకు మా మనవి యొక్కటియే. అందలి స్తుతివాక్యములను ప్రక్కకు పెట్టి చిల్లరలెక్కలను చదువుడు. ఎవరు వండిరి, ఎవరు మోసిరి, ఎవరు గుమ్మమున నిలిచిరి, ఎవరి పేరు వ్రాయబడలేదు అని యడుగుడు. పేరు వ్రాయబడిన తెల్లవారి ప్రక్కన పేరులేని తెలుగువారెందఱో ఆ పుటలలో నడచుచుందురు.

ఆన్ జడ్సను మహారచయిత్రి కాదు. ఆమె వాక్యమున అలంకారము లేదు. లోకజ్ఞానమున తన జాతి, తన కాలము విధించిన హద్దులున్నవి. కాని భయముచే తన కాగితములను నశింపజేసికొనిన వెనుక, కష్టము గడచి ఊపిరి తిరిగిన తఱి, ఆమె జరిగినదానికి మించి చెప్పుకొనలేదు. తన పాట్లకు ఘనమైన పేరు పెట్టలేదు. తనకు అన్నము పెట్టినవానిని, తన భర్తను బంధించి కాపాడినవానిని ఉన్నవారినున్నట్లు చెప్పినది. హింసలో విశ్వాసమును నిలుపుకొనుట కష్టము. హింస గడచినపిదప సత్యమును నిలుపుకొనుట అంతకంటె కష్టము. ఈ రెండవ పరీక్షయందును చాలవఱకు నెగ్గినది కావుననే ఈ లేఖ, దానిని పూజించువారికిని నిరాకరించువారికిని గూడ, ఇంకను చదువదగియున్నది.